పెట్టె జివ్వుమంది, మోటారు కాలింది, నాన్న తీగలు పీకేశారు

గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. రాసినవారు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ప్రస్తుతం ఇంటి దగ్గరే ఉంటున్నారు. వాళ్ల నాన్నగారికి వంశధార పక్కన కూరగాయల మడులు, ఒక బోరు, అందులో 3 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉన్నాయి. రాత్రి ఏ జాములో కరెంటు వస్తే ఆ జాములో నాన్న లేచి, టార్చి పట్టుకుని షెడ్డుకెళ్లి పచ్చ బటన్ నొక్కి రావాలి. ఆ తిప్పలు తప్పిద్దామని ఈయన ఒక పెట్టె తయారుచేశారు.

పెట్టెలో ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలరు బోర్డు, రెండు చానళ్ల నీలం రిలే (బోర్డు చెప్పినట్టు కదిలే స్విచ్) మాడ్యూలు, రెంటికీ కలిపి ఒకే ఫోన్ చార్జరు. మొదటి రిలేను స్టార్టరు పచ్చ బటన్‌కు సమాంతరంగా, రెండోదాన్ని ఎర్ర బటన్‌కు వరసలో కలిపారు. తొట్టి 40 మీటర్ల దూరం. అక్కడి ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టాన్ని బట్టి పనిచేసేది) తీగ మోటారు కేబుల్‌తో పాటే ఒకే పైపులో వచ్చి నేరుగా ఈఎస్‌పీ32 పిన్నుకు చేరుతుంది. ఎరువు నీళ్లు కలిపే 12 వోల్టుల పంపును ఐఆర్‌ఎఫ్520 మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) మాడ్యూలు నడుపుతుంది, దాని అడాప్టరు నెగెటివ్‌ను బోర్డు గ్రౌండ్‌తో కలిపారు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత కాంటాక్టరు (స్టార్టరులో మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పడినప్పుడో లేచినప్పుడో బోర్డు రీసెట్ కావడం మొదలైంది. ఒక రాత్రి మోటారు ఆన్ అయి ఇక ఆగలేదు. బోరులో నీళ్లు దిగిపోయాక కూడా తెల్లారేదాకా తిరిగి వైండింగ్ కాలిపోయింది. ఆ పొద్దున్నే నాన్న చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి పెట్టె తెరిచి, యూఎస్‌బీ మూతి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. అంతే, తీగలన్నీ పీకి బయట పారేశారు. ‘నేనున్నంతకాలం ఆ పెట్టె షెడ్డులోకి రాదు’ అన్నారట. చిన్నాన్న మాత్రం ‘చదువంతా మోటారు మీదే చూపించాడు’ అని వచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారట.

ఉత్తరం చివర అడిగినవి ఇవి: షాపులో ఇది ఆప్టో రిలే, ఐసొలేషన్ (రెండు వైపుల కరెంటును వేరుగా ఉంచడం) ఉంది, భయం లేదన్నారు కదా, మరి ఇలా ఎందుకైంది? సాలిడ్ స్టేట్ రిలే (కదిలే కాంటాక్టులు లేనిది) పెడితే సరిపోతుందా? అసలు మానేయడమే మంచిదా? నాన్నకు ఎలా నచ్చచెప్పాలి?

*

నాన్నకు నచ్చచెప్పే సంగతి తర్వాత చూద్దాం. ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి ఆయన చేసిన పని సరైనదే. ముందు ఆ రాత్రి ఏం జరిగి ఉంటుందో విడదీసి చూడండి.

మీ రిలే పచ్చ బటన్‌ను ఒక సెకను నొక్కినట్టు చేసి వదిలేస్తుంది. కాంటాక్టరు పడగానే దాని సొంత హోల్డింగ్ కాంటాక్టు కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. అక్కడి నుంచి మోటారుకు మీ బోర్డుతో పని లేదు. సరిగ్గా కాంటాక్టరు పడ్డ ఆ క్షణంలోనే బోర్డు రీసెట్ అయింది. మళ్లీ బూట్ అయ్యాక దానికి ఏమీ గుర్తు లేదు, మోటారు ఆగి ఉందనే అనుకుంటుంది. ఆపాలన్న ఆలోచనే లేనప్పుడు ఎర్ర బటన్ రిలేను ఎందుకు కదిలిస్తుంది? మీ ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నానని రాశారు. అక్కడ దొరకదు. మోటారు నిజంగా తిరుగుతోందా లేదా అని బోర్డుకు చెప్పే తీగ ఒక్కటి కూడా మీ పెట్టెలో లేదు.

రీసెట్‌కు కారణం ఆ ఒక్క చార్జరు, ఆ ఒక్క గ్రౌండు. మీ మాడ్యూలు మీద పీసీ817 ఆప్టోకప్లర్లు (వెలుతురుతో సంకేతం దాటించే చిప్పులు) ఉన్న మాట నిజమే. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారు. మూల మీద జేడీ-వీసీసీ, వీసీసీ అని రాసి ఉన్న రెండు పిన్నులను ఒక చిన్న జంపరు కలిపి ఉంచుతుంది. అది ఉన్నంతసేపు ఆప్టో లోపలి ఎల్‌ఈడీకీ, అవతలి రిలే కాయిల్‌కూ ఒకే సరఫరా, ఒకే గ్రౌండు. మధ్యలో వెలుతురు దాటితే ఏం లాభం, పక్కనే రాగి తీగ కలిపేశాక? 5 వోల్టుల నీలం రిలే కాయిల్ 70 మిల్లీయాంపుల దాకా లాగుతుంది. వైఫై పంపేటప్పుడు ఈఎస్‌పీ32 కూడా ఉన్నట్టుండి వందల మిల్లీయాంపులు అడుగుతుంది. చౌక చార్జరు ఒక్క క్షణం కుంగితే చాలు, బ్రౌనౌట్ రీసెట్ (వోల్టేజి కుంగడం వల్ల వచ్చేది) వస్తుంది. దీనికి తోడు స్టార్టరు కాయిల్ వదిలినప్పుడు పుట్టే వోల్టేజి పోటు పక్క తీగల్లోకి దూరి, అదే గ్రౌండు పట్టుకుని బోర్డులోకి వస్తుంది.

ఇంకొకటి. ఇది మీ ఉత్తరంలో మీరు గమనించకుండా రాసేసిన విషయం. స్టార్టరు కాయిల్ మీద 415 వోల్టులు అని రాసి ఉందన్నారు. త్రీఫేజ్ డీఓఎల్ (మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టర్లలో అది మామూలే. కానీ మీ నీలం రిలే మీద ఏముందో చూడండి: 10 యాంపులు, 250 వోల్టుల ఏసీ. పచ్చ బటన్ తెరిచి ఉన్నంతసేపు దాని రెండు కొసల మధ్య, అంటే మీ రిలే కాంటాక్టుల మధ్య కూడా, 415 వోల్టులు నిలబడి ఉన్నాయి. ఆ రకం రిలేల డేటాషీటులో కాయిల్‌కూ కాంటాక్టుకూ మధ్య ఇచ్చే పరీక్ష వోల్టేజి 1500 మాత్రమే, అదీ కొత్త రిలేకు, పొడి గాలిలో, ఒక్క నిమిషం. మాడ్యూలు కింది వైపు కాంటాక్టు ట్రాకులకూ కాయిల్ ట్రాకులకూ మధ్య ఉన్న సందును స్కేలుతో కొలవండి, చాలా చౌక మాడ్యూళ్లలో ఆ రెంటినీ విడదీసే కోత కూడా ఉండదు. షెడ్డులో దుమ్ము, వానాకాలం చెమ్మ, చీమలు, బల్లి రెట్టలు. ఆ సందు మీద 415 వోల్టులు పెట్టి నిద్రపోవడం కుదరదు.

ఇక ఆ జివ్వు. ఇంట్లో ఎవరూ దాన్ని భ్రమ అనకండి. రెండు పిన్నుల చార్జర్లలో మెయిన్స్ వైపునూ 5 వోల్టుల వైపునూ కలుపుతూ వై-కెపాసిటర్ అనే చిన్న కెపాసిటర్ ఉంటుంది. దానిగుండా సన్నటి లీకేజి వస్తుంది. 2.2 నానోఫారడ్ అయితే 230 వోల్టుల దగ్గర సుమారు 0.16 మిల్లీయాంపు. తడికాలితో ముడితే జివ్వుమనిపిస్తుంది, ప్రాణం తీయదు. కానీ లోపలి ఇన్సులేషన్ పాడైన చార్జరు కూడా మొదట్లో అచ్చం అలాగే అనిపిస్తుంది. రెంటినీ వేరు చేయడానికి మల్టీమీటరు ఒక్కటే చాలదు. ఊరికే పెడితే లీకేజికి కూడా 80, 100 వోల్టులు చూపించి బెదరగొడుతుంది. చార్జరు నుంచి తీగలన్నీ విప్పి, యూఎస్‌బీ లోహపు మూతికీ ఎర్త్ రాడ్‌కూ మధ్య 47 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టరు కలిపి, దాని కొసల మీద ఏసీ వోల్టేజి చూడండి. ముందు మీటరు బిగించి, ఆ తర్వాత చార్జరు ప్లగ్ పెట్టండి, చేత్తో పట్టుకుని చూడకండి. రీడింగు 7, 8 వోల్టులకు పడిపోతే అది మామూలు లీకేజి. పదుల్లోనో వందల్లోనో నిలబడితే ఆ చార్జరును పగలగొట్టి పారేయండి, ఎవరికీ ఇవ్వకండి.

ఇప్పుడు విడదీసే పని. ఐసొలేషన్‌ను కొనుక్కొచ్చే భాగం అనుకోవద్దు. పెట్టె మధ్యలో ఒక గీత గీసి, ఆ గీతను ఏ రాగి తీగా దాటకుండా చూసుకోవడమే దాని అసలు పని. ఇవతల ఈఎస్‌పీ32, దాని సరఫరా. అవతల రిలే కాయిళ్లు, 12 వోల్టుల పంపు, ఫ్లోట్ తీగ, స్టార్టరు. గీత దాటేవి వెలుతురు, అయస్కాంతం మాత్రమే. ఒక్క గ్రౌండు తీగ పొరపాటున దాటినా మిగతా ఖర్చంతా దండగ.

దానికి రెండు సరఫరాలు చాలు. ఇవతల హెచ్‌ఎల్‌కే-పీఎం01 వంటి మాడ్యూలు: 230 వోల్టుల నుంచి 5 వోల్టులు, 600 మిల్లీయాంపులు, లోపలే 3000 వోల్టుల ఐసొలేషన్. దాని అవుట్‌పుట్ మీద 470 మైక్రోఫారడ్, బోర్డు పిన్నుల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ పెట్టండి. అవతల 12 వోల్టుల 5 యాంపుల అడాప్టరు. పంపు దాని మీద నేరుగా, రిలే మాడ్యూలుకు కావలసిన 5 వోల్టులు అదే 12 నుంచి ఎల్‌ఎం2596 బక్ (వోల్టేజి తగ్గించే) మాడ్యూలుతో. బక్ మాడ్యూలులో ఐసొలేషన్ లేదు, ఇటు గ్రౌండు అటు గ్రౌండు ఒకటే. అవతలి వైపులోనే ఉన్నంతవరకు ఫరవాలేదు. అదే బక్‌తో ఈఎస్‌పీ32కు కూడా కరెంటు ఇస్తే గీత చెరిగిపోయినట్టే. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

రిలే మాడ్యూలుకు జంపరు పీకేయండి. మూడు పిన్నుల వైపు జేడీ-వీసీసీకి బక్ నుంచి వచ్చే 5 వోల్టులు, పక్కనున్న గ్రౌండుకు దాని నెగెటివ్. నాలుగు పిన్నుల వైపు వీసీసీకి ఈఎస్‌పీ32 బోర్డు మీది 5 వోల్టులు, ఇన్‌పుట్‌కు జీపీఐఓ పిన్ను. ఆ వరసలో ఉన్న గ్రౌండు పిన్నును ఖాళీగా వదిలేయండి, అలవాటు కొద్దీ కలిపేయకండి. వీసీసీకి 3.3 వోల్టులు ఇవ్వొద్దు. ఆప్టో ఎల్‌ఈడీకి 1.2, వరసలో ఉండే సూచిక ఎల్‌ఈడీకి దాదాపు 1.9 పోతే 1 కిలో ఓమ్ రెసిస్టరుకు మిగిలేది ఏమీ లేదు. రిలే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. 5 వోల్టులు ఇస్తే దాదాపు 2 మిల్లీయాంపులు వస్తాయి, పిన్ను 3.3 దగ్గర హై అయినప్పుడు మిగిలిన 1.7 వోల్టులతో ఆ రెండు ఎల్‌ఈడీలూ వెలగవు కాబట్టి రిలే వదిలేస్తుంది. బూట్ సమయంలో కొన్ని పిన్నులు తమంతట తామే ఆడతాయి. 0, 2, 5, 12, 14, 15 జోలికి పోకుండా 25, 26, 27, 32, 33లలోంచి తీసుకోండి.

ఫ్లోట్ తీగ మాటేమిటి? రిలే దగ్గర ఇంత చేసి ఆ 40 మీటర్ల తీగను నేరుగా పిన్నుకే ఉంచితే ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టే. మోటారు కేబుల్ పక్కన అంత దూరం పరుగెత్తిన తీగలో ప్రతి స్టార్టుకూ పోటు పుడుతుంది. దానికీ ఒక పీసీ817 పెట్టండి. అవతలి 12 వోల్టులు ఫ్లోట్ కాంటాక్టు గుండా, 2.2 కిలో ఓమ్ దాటి ఆప్టో ఎల్‌ఈడీకి వస్తాయి. కరెంటు సుమారు 5 మిల్లీయాంపులు. ఎల్‌ఈడీకి తిరగేసి ఒక 1ఎన్4148 డయోడు కలిపితే ఉల్టా పోట్ల నుంచి కాపాడుతుంది. ఇవతల కలెక్టరు పిన్నుకు, అక్కడి నుంచి 3.3 వోల్టులకు 10 కిలో ఓమ్, ఎమిటరు బోర్డు గ్రౌండుకు. ఫ్లోట్‌ను ‘నీళ్లు కావాలి’ అన్నప్పుడు కాంటాక్టు మూసుకునేలా బిగించండి. అలాగైతే ఎలక తీగ కొరికినా మోటారు ఆగిపోతుంది, పొంగిపొర్లదు. వీలైతే తీగను వేరే పైపులో, మోటారు కేబుల్‌కు కనీసం అడుగు దూరంగా వేయండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఎరువు పంపు మాడ్యూలు వేడెక్కుతోందని కూడా రాశారు. ఐఆర్‌ఎఫ్520కు గేటు (దాన్ని తెరిచే కాలు) మీద 10 వోల్టులు ఉంటే గానీ పూర్తిగా తెరుచుకోదు, 3.3తో అది సగం తెరిచిన గేటు వాల్వు. తీసేయండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ తీసుకుని, పీసీ817 కలెక్టరును అవతలి 12 వోల్టులకు, ఎమిటరును 100 ఓమ్‌ల గుండా గేటుకు, గేటు నుంచి సోర్సుకు 10 కిలో ఓమ్ పెట్టండి. ఈఎస్‌పీ32 పిన్ను నుంచి ఆప్టో ఎల్‌ఈడీకి 330 ఓమ్‌లు, అంటే 6 మిల్లీయాంపుల పైచిలుకు. ఆప్టో వెలిగితే గేటుకు పూర్తి 12 వోల్టులు, ఆరితే 10 కిలో ఓమ్ దాన్ని కిందికి లాగేస్తుంది. ఐసొలేషనూ అయింది, గేటు వోల్టేజీ కుదిరింది. పంపు కొసల మీద 1ఎన్5408 డయోడును తిరగేసి, దాంతోపాటు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ పెట్టండి. వేగం తగ్గించాలంటే పీడబ్ల్యూఎం (వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) 200 హెర్ట్‌జ్ దాటొద్దు, పీసీ817 అంతకంటే చురుగ్గా ఆరిపోదు, మాస్‌ఫెట్ మళ్లీ వేడెక్కుతుంది.

415 వోల్టుల సమస్యకు రెండు దారులున్నాయి. ఒకటి, నీలం రిలేతో 24 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న చిన్న కంట్రోల్ కాంటాక్టరును నడిపి, 415 రేటింగు ఉన్న దాని కాంటాక్టులతో పాత స్టార్టరు కాయిల్‌ను నడపడం. స్టార్టరును కదపనక్కర్లేదు గానీ 24 వోల్టుల సరఫరా ఒకటి అదనం, 415 వోల్టుల తీగ మీ పెట్టెలోకి రాకుండా కాంటాక్టరును స్టార్టరు పక్కనే బిగించాలి. రెండోది, 415/230 వోల్టుల 250 వీఏ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి స్టార్టరు కాయిల్‌ను 230 వోల్టులదానికి మార్చడం. చాలా మోడళ్లకు కాయిల్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. ప్రైమరీ రెండు తీగలూ ఫేజులే కాబట్టి రెంటికీ 2 యాంపుల ఫ్యూజులు, సెకండరీకి 1 యాంపు స్లో ఫ్యూజు, సెకండరీ రెండో కొసను ఎర్త్‌కు కలపాలి. నేనైతే రెండోదానికే ఓటేస్తాను. నీలం రిలే తన 250 వోల్టుల హద్దులో ఉంటుంది, రెండు సరఫరాలూ అదే 230 మీద నడుస్తాయి, పొలం లైన్లో న్యూట్రల్ తెగితే ఫేజు వోల్టేజి ఎగిరి మాడ్యూళ్లు కాలిపోయే భయమూ పోతుంది. ఖర్చు, బరువు ఎక్కువే. లైను వోల్టేజి కుంగితే ట్రాన్స్‌ఫార్మరూ కుంగుతుంది. కాంటాక్టరు కాయిళ్లకు రేటింగులో 85 శాతం వరకే హామీ, అంటే లైను 350కి దిగితే కాంటాక్టరు గిలకొట్టుకుంటుంది. అందుకే ఒకసారి ఆగాక కనీసం 5 నిమిషాలు దాటేదాకా మళ్లీ స్టార్టు చేయొద్దని ప్రోగ్రాంలో రాయండి.

కాయిల్ పోటును పుట్టినచోటే చంపాలి. 230 వోల్టుల కాయిల్ ఏ1, ఏ2 కొసల మీదే 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటరు, దానితో వరసలో 100 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టరు, పక్కన 14డి431కె వేరిస్టరు (పోటు వోల్టేజిని మింగే భాగం). ఈ కెపాసిటరు, రెసిస్టరు జతను (స్నబ్బర్ అంటారు) రిలే కాంటాక్టుల మీద పెట్టకండి. 0.1 మైక్రోఫారడ్ గుండా 7 మిల్లీయాంపులు ఎప్పుడూ కారుతూ ఉంటాయి, చిన్న కాంటాక్టరైతే వదలకుండా గుయ్‌మంటూ పట్టుకుని కూర్చోవచ్చు. డీసీ రిలేకు పెట్టినట్టు ఏసీ కాయిల్‌కు ఒంటి డయోడు పెడితే అర సైకిల్‌కే షార్టు.

సాలిడ్ స్టేట్ రిలే గురించి క్లుప్తంగా: ఐసొలేషన్ బాగుంటుంది, చప్పుడు లేదు, కాంటాక్టు అరగదు. కానీ ఆఫ్‌లో కూడా లీకేజి ఉంటుంది, పాడైతే ఎక్కువసార్లు షార్టుగా పాడవుతుంది. అంటే మోటారు ఆగదు. మీ నాన్నగారి భయం సరిగ్గా అదే. ఇక్కడ వద్దు.

ఇప్పుడు అసలు నిర్ణయం. పచ్చ, ఎర్ర బటన్లకు పల్సు ఇచ్చే పద్ధతి ఉంచాలా, రిలే పట్టి ఉన్నంతసేపే మోటారు తిరిగే పద్ధతికి మారాలా? పల్సు పద్ధతిలో బోర్డు ఒక్క క్షణం రీసెట్ అయినా నీటి తడి ఆగదు, కానీ బోర్డు చచ్చిపోతే మోటారును ఆపేవాడు లేడు. పట్టి ఉంచే పద్ధతిలో బోర్డు చస్తే రిలే వదులుతుంది, మోటారు ఆగుతుంది. దాని చిక్కు వేరు: ఐసొలేషన్ సరిగా లేకుండా ఇది పెడితే కాంటాక్టరు పడగానే రీసెట్, రీసెట్‌తో మోటారు ఆఫ్, బూట్ అయి మళ్లీ ఆన్, ఇలా నిమిషానికి పదిసార్లు కొట్టుకుని కొత్త వైండింగ్ కూడా పోతుంది. బోరులో నీళ్లు తక్కువని మీరే రాశారు కాబట్టి పట్టి ఉంచేదే మీకు తగినది. కాకపోతే పైన చెప్పిన పనులన్నీ అయ్యాకే.

అప్పుడు వరస ఇలా ఉంటుంది: ఫ్యూజు, ఓవర్‌లోడ్ రిలే 95-96 కొసలు, ఎర్ర బటన్, ఆ తర్వాత ‘చెయ్యి – ఆపు – ఆటో’ అని మూడు స్థానాల సెలెక్టరు స్విచ్. ‘చెయ్యి’ (అంటే చేత్తో నడిపేది) వైపు పచ్చ బటన్, కాంటాక్టరు 13-14 హోల్డింగ్ కొసలు ఎప్పటిలాగే. ‘ఆటో’ వైపు మీ రిలే కామన్, ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కొసలు. రెండూ ఏ1 దగ్గర కలుస్తాయి. ఎర్ర బటన్ ఎప్పుడు నొక్కినా ఆగాలి, కాకపోతే ‘ఆటో’లో బటన్ వదలగానే మళ్లీ తిరగొచ్చు కాబట్టి, పూర్తిగా ఆపాలంటే స్విచ్‌ను ‘ఆపు’కు తిప్పాలని ఇంట్లో అందరికీ చెప్పండి. బోర్డు ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నా ‘చెయ్యి’లో మోటారు నడవాలి.

మోటారు నిజంగా తిరుగుతోందా అన్నది ఎస్‌సీటీ-013-030 రకం కరెంట్ ట్రాన్స్‌ఫార్మరుతో తెలుసుకోండి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది కాబట్టి గీత చెరగదు. 30 యాంపులకు 1 వోల్టు ఇస్తుంది, 3 హెచ్‌పీ మోటారు తీసుకునే 5 యాంపులకు 0.17 వోల్టే. మోటారు తీగ ఒకదాన్ని దాని కన్నం గుండా నాలుగుసార్లు దూర్చితే నాలుగింతలు అవుతుంది. రిలే ఆఫ్ అయినా కరెంటు కనిపిస్తోందంటే కాంటాక్టరు అతుక్కుపోయినట్టు. ఆన్ అయినా లేదంటే ఓవర్‌లోడ్ ట్రిప్పయినట్టో ఫేజు పోయినట్టో. నీళ్లు దిగిపోతే కరెంటు తగ్గుతుంది. ఎంతకు తగ్గితే ఆపాలో మీ బోరు దగ్గర కొలిచి పెట్టుకోండి, ఎవరో చెప్పిన అంకె వేయకండి. అంత చేసినా డ్రైరన్‌కు (నీళ్లు లేకుండా తిరగడానికి), ఫేజు పోవడానికి ప్యానెల్ షాపుల్లో దొరికే విడి రిలే ఒకటి కాయిల్ వరసలో ఉండి తీరాలి. మీ ప్రోగ్రాం ఎంత బాగా రాసినా మోటారు ప్రాణం దాని చేతిలో పెట్టొద్దు.

బిగించేటప్పుడు, ఆప్టో కాళ్ల దగ్గర తప్ప, రెండు వైపుల మధ్య ఎక్కడా 8 మిల్లీమీటర్లకు తక్కువ సందు ఉండకూడదు. పీసీ817 కాళ్ల వరసల మధ్య 7.62 మిల్లీమీటర్లు ఉంటుంది, దాని కింద ట్రాకు గానీ టంకం బొట్టు గానీ ఉంటే ఆ దూరం ఉత్తిదే. చుక్కల బోర్డు మీద 230 వోల్టులు తేవొద్దు, దాని కన్నాల దూరం 2.54 మిల్లీమీటర్లే. కరెంటు లేనప్పుడు రెండు గ్రౌండ్ల మధ్య మల్టీమీటరును 20 మెగాఓమ్ రేంజిలో పెట్టండి. ఓపెన్ చూపించాలి. చూపించకపోతే ఏదో తీగ గీత దాటింది, దొరికేదాకా ముందుకు పోవద్దు. తర్వాత మోటారు కేబుల్ విప్పి కాంటాక్టరును ఒక్కదాన్నే యాభై సార్లు వేసి తీయండి. ఆ 5 నిమిషాల విరామాన్ని పరీక్ష కోసం తీసేస్తారు కదా, మళ్లీ పెట్టడం మరవకండి. ఈఎస్‌పీ32 ప్రతి బూట్‌లోనూ రీసెట్ కారణం చెబుతుంది, దాన్ని ఫ్లాష్‌లో రాసి పెట్టుకోండి. బ్రౌనౌట్ వస్తే సరఫరా చూడండి. వాచ్‌డాగ్ (ప్రోగ్రాం బిగుసుకుపోతే రీసెట్ చేసే కాపలా) వస్తే పోటు ఇంకా ఎక్కడో దూరుతోంది, లేదా మీ కోడ్ ఎక్కడో ఇరుక్కుంటోంది. పరీక్షలప్పుడు ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసి బ్యాటరీ మీదే నడపండి, లేకపోతే యూఎస్‌బీ తీగే మీ గీత దాటే తీగ అవుతుంది. 415 వైపు పని మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తో చేయించండి.

పిడుగుల సంగతి దాచను. పీసీ817కు 5000 వోల్టుల పరీక్ష ఉన్నా పక్క తాటిచెట్టు మీద పడే పిడుగుకు అది లెక్క కాదు. వేసవి సాయంత్రం గాలివాన మొదలైతే ప్లగ్గులు, ఫ్లోట్ తీగ కనెక్టరు ఊడదీయడమే మేలు.

మానేయాలా అని అడిగారు. రైతులు వాడే జీఎస్‌ఎం మొబైల్ స్టార్టర్లు తయారుగా దొరుకుతాయి. ఫోన్ కాల్‌తో ఆన్, ఆఫ్, డ్రైరన్ కాపు కూడా చాలావాటిలో ఉంటాయి. అది కొంటే ఈ సీజను గడుస్తుంది, ఇంట్లో రుసరుసలు తగ్గుతాయి. ఎరువు పంపు, తొట్టి లెక్క దానితో కుదరవు, సిగ్నల్ లేని చోట పనిచేయదు. ఇప్పుడు దాన్ని కొని, మీ పెట్టెను ఇంట్లో ఒక నెల బల్బు మీద నడిపి నమ్మకం కుదిరాక మార్చుకోవచ్చు. మీరే తేల్చుకోవాల్సిన విషయం ఇది.

నాన్నగారి దగ్గరికి సర్క్యూటు బొమ్మ పట్టుకుని వెళ్లకండి. ‘నీకు తగిలింది నిజమే నాన్నా, కారణం దొరికింది’ అన్న మాటతో మొదలుపెట్టండి. చార్జరు పరీక్ష ఆయన ముందే చేయండి. ఆ తర్వాత అడగాల్సింది ఒక్కటే: పెట్టె ఏ స్థితిలో ఉన్నా మోటారు ఆగిపోవాలంటే ఏది ఎక్కడ ఉండాలి? సెలెక్టరు స్విచ్ ఎంత ఎత్తులో, ఏ చేతివైపు అన్నది ఆయన చెప్పినట్టే బిగించండి. మొదటి కొన్ని వారాలు అది ‘చెయ్యి’లోనే ఉండనివ్వండి. బోర్డు ఊరికే చూస్తూ, ఎప్పుడు ఆన్ చేసేదో ఎప్పుడు ఆపేదో రాసుకుంటుంది. ఆయన చేసినదానితో ఆ లెక్క సరిపోతే ‘ఆటో’కు తిప్పేది ఆయనే అవుతారు. చిన్నాన్న మాటలకు జవాబు చెప్పక్కర్లేదు. స్విచ్ పేర్లు తెలుగుతో పాటు ఒడియాలో కూడా రాయించండి, రేపు పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో వచ్చే మిస్త్రీకి ఏది ఏమిటో వెతుక్కునే పని ఉండకూడదు.

రీవైండింగ్ అయ్యి మోటారు వచ్చాక బోరులో దించే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకూ బాడీకీ మధ్య చూడమనండి, దించాక మళ్లీ ఒకసారి చూడమనండి. ఆ రెండుసార్లూ మోటారు తీగలు స్టార్టరు నుంచి విప్పి ఉండాలి, మీ పెట్టె పూర్తిగా ఊడదీసి ఉండాలి. మెగ్గర్ ఇచ్చే 500 వోల్టులు పొరపాటున మీ 12 వోల్టుల వైపు తగిలితే బక్ మాడ్యూలు, మాస్‌ఫెట్ రెండూ ఆ క్షణమే పోతాయి.